ఎవరి ఇంటి యెదుట వారు

ధ్యానమునకు వాక్యభాగములు: నెహెమ్యా గ్రంథము 3వ అధ్యాయము, 90వ కీర్తన, 12వ వచనము



బైబిలు చదువుటలో మనమందరము త్వరత్వరగా దాటిపోవు అధ్యాయములు కొన్ని గలవు. నెహెమ్యా గ్రంథములోని 3వ అధ్యాయము వాటిలో నొకటి. కుటుంబ ప్రార్థనలో ఆ అధ్యాయము వంతు వచ్చినప్పుడు చదువువాడు పేర్లు పలుకలేక తడబడును, పిల్లలు నవ్వుదురు, పెద్దలు కునుకుదురు. 32 వచనములు గల ఆ అధ్యాయములో ప్రార్థన లేదు, ప్రవచనము లేదు, అద్భుతకార్యము లేదు. ఫలానివాడు ఫలాని చోట గోడ కట్టెను, వాని ప్రక్కను ఫలానివాడు కట్టెను, తలుపులు నిలిపెను, గడియలు బిగించెను, అంతే. ఇట్టిది పరిశుద్ధ గ్రంథములో ఎందుకు వ్రాయబడెనని మమ్మును అడిగినవారును గలరు.

ఇది పనుల పట్టీ గనుక వ్రాయబడినది. మేస్త్రీ తన చిట్టాలో కూలీల పేర్లు, వారికి అప్పగించిన పని ఎట్లు వ్రాసికొనునో అట్లే ఇదియు వ్రాయబడినది. దేవుని గ్రంథములో చేరుటకు అట్టి చిట్టా తగినదని పరిశుద్ధాత్ముడు ఎంచెను. ఈ సంగతి మనము కొంచెము నిలిచి ఆలోచింపవలసినదై యున్నది.

యెరూషలేము క్రీ.పూ. 586లో బబులోనువారి చేత పాడు చేయబడెను. నెహెమ్యా అక్కడికి వచ్చినది క్రీ.పూ. 445లో. అనగా దాదాపు 140 సంవత్సరములు ఆ ప్రాకారము కూలియుండెను. చెరనుండి తిరిగివచ్చినవారు ఆ రాళ్ల నడుమనే నడచిరి, ఆ రాళ్ల నడుమనే తమ బిడ్డలకు పెండ్లిండ్లు చేసిరి. గోడ కట్టవలెనను కోరిక వారికి లేకపోయెనని మనము చెప్పరాదు. “గోడ కట్టవలెను, గోడ కట్టవలెను” అని తాతలు తండ్రులతోను, తండ్రులు బిడ్డలతోను అనుచునే యుందురు. అయితే “గోడ” అనునది ఎవని పని? అంత పెద్ద గోడను చూచి ఏ మనుష్యుడు ఉదయమున లేచి తట్ట నెత్తిన పెట్టుకొనగలడు? కోరిక పెద్దది, చేతికి అందు పని ఏదియు లేదు. ఆ విధముగా నాలుగైదు తరములు గడచిపోయెను.

నెహెమ్యా ఏమి చేసెను? మొదట ఉపవాసముండి ప్రార్థించెను. రాజు “నీవు ఎంతకాలము పోయి వచ్చెదవు?” అను భావముతో అడిగినప్పుడు ఒక గడువు చెప్పెను (2వ అధ్యాయము, 6వ వచనము). “ఏమో ప్రభూ, చూడవలెను” అనలేదు. దారిలో అధికారులకు చూపవలసిన ఉత్తరములు, అడవి కావలివానినుండి తీసికొనవలసిన మ్రానులు, వీటిని ముందుగానే ఎంచుకొని అడిగెను. యెరూషలేము చేరి మూడు దినములు ఊరకుండెను. తరువాత రాత్రివేళ కొద్దిమందితో బయలుదేరి, ఎక్కడ ఎంత కూలినదో తన కన్నులతో చూచెను. అటు పిమ్మటనే ప్రజలను పిలిచెను. పిలిచి వారికి “గోడ” అను పని ఇయ్యలేదు. గోడను ముక్కలు చేసెను. గొఱ్ఱెల గుమ్మము ప్రధానయాజకునికిని ఆయన సహోదరులకును వచ్చెను. కంసాలి ఒక ముక్క కట్టెను, సుగంధద్రవ్యములు చేయువాడు ఒక ముక్క కట్టెను. షల్లూము అనువాడు తన కుమార్తెలతో కూడ వచ్చి కట్టెను. ఆడుబిడ్డలు గోడపనికి వచ్చిరని ఆ కాలమందే వ్రాయబడుట గమనింపదగినది. మల్కీయా అను ఒక అధిపతికి పెంట గుమ్మము వచ్చెను, అతడు కాదనలేదు. పెద్దవారైన తెకోవీయుల అధిపతులు మాత్రము మెడ వంచలేదట. అదియు చిట్టాలో ఎక్కినది! వారి పేర్లు ఎక్కలేదు గాని వారు పనికి రాలేదను సంగతి రెండువేల నాలుగువందల యేండ్లుగా చదువబడుచునే యున్నది.

ఇందులో మా మనస్సును మిక్కిలి ఆకర్షించిన మాట ఒకటి గలదు. అనేకులు తమ తమ ఇంటి యెదుట కట్టిరని పదే పదే వ్రాయబడియున్నది. మెషుల్లాము అను నొకడైతే ఇల్లైనను కలవాడు కాడు కాబోలు, తన గది యెదుట మాత్రమే కట్టెను. గది యెదుటి గోడ ఎంత పొడవుండును? పది మూరలో, పదునైదు మూరలో. అయినను ఆ ముక్క లేకపోయినయెడల పట్టణమంతటికిని అక్కడనే గండి మిగిలియుండెడిది. 140 సంవత్సరములు నిలిచిపోయిన పని 52 దినములలో ముగిసినట్లు 6వ అధ్యాయము 15వ వచనములో చూచుచున్నాము.

ప్రియులారా, మనకును కూలిన గోడలు గలవు. “పిల్లవానికి చదువు చెప్పించవలెను, అప్పు తీర్చవలెను, బైబిలంతయు చదువవలెను, పొలము బాగుచేయవలెను, అన్నతో సమాధానపడవలెను.” ఇవి అన్నియు మంచి కోరికలే. అయితే ఇవి పనులు కావు, గోడలు. పొలము బాగుచేయుట అను పనిని ఏ దినమునను ఎవడును చేయలేడు. తూర్పు గట్టున పడిన గండి పూడ్చుట అనునది రేపు తెల్లవారుజామున చేయవచ్చును. అప్పు తీర్చుట ఒక్క దినములో కాదు. పత్తి అమ్మిన సొమ్ము చేతికి వచ్చిన నాడే, ఇంటికి రాకముందే, ఇంత మొత్తము కట్టివేయుట ఒక్క దినములో కాగలదు. బైబిలంతయు 1,189 అధ్యాయములు. దినమునకు మూడు, ఆదివారమున ఐదు చదివినవాడు ఏడాదిలో ముగించును. అన్నతో సమాధానపడుట మిక్కిలి పెద్ద గోడయే. కాని గురువారము సాయంకాలము అన్న ఇంటి అరుగు మీద కూర్చుండి, పొలము సంగతి ఎత్తక, వదినె ఆరోగ్యము అడిగి వచ్చుట చిన్న పని. అది చేసినవాడు రెండవ మారు వెళ్లుటకు దారి వేసికొన్నవాడు.

కాలము విలువ రైతుకు ఎవరును నేర్పనక్కరలేదు. మన తిరువూరు ప్రాంతము నాగార్జునసాగరు ఎడమ కాలువకు చివరి భాగము. కాలువ చివర భూములు గలవారికి వంతు నీరనగా నేమో తెలియును. నీరు వచ్చినప్పుడు బోదె శుభ్రముగా నున్నవాని మడి తడియును. “రేపు పూడిక తీయుదుము” అనుకొన్నవాడు పార భుజమున పెట్టుకొని ప్రక్కవాని మడి చూచుచు నిలువవలసినదే. పత్తి తీతకు, మిరపకాయ కోతకు, మామిడి దించుటకు దేని గడువు దానికున్నది. ఆ గడువులను మనము తప్పము. అట్టి మనమే మన ఆత్మసంబంధమైన పనులకును, ఇంటి పనులకును, ఒంటి ఆరోగ్యమునకును గడువు లేనట్లు నడచుచున్నాము. మోషే 90వ కీర్తనలో దేవుని అడిగినది ఇదియే: దినములను లెక్కపెట్టుట మాకు నేర్పుమని. సంవత్సరములను గూర్చి గాని యుగములను గూర్చి గాని అతడు అడుగలేదు. దినములు చేతి వ్రేళ్లతో లెక్కింపదగినవి.

“అయ్యగారూ, మాకు చదువు లేదు, పట్టీ ఎట్లు వ్రాయుదుము?” అని కొందరు అడుగవచ్చును. మా సంఘములో ఒక అవ్వ గలదు. ఆమె ఇంట పొయ్యి ప్రక్కన రెండు కొబ్బరి చిప్పలుండును. ఉదయమున ప్రార్థన చేసికొని, ఆ దినము చేయవలసిన పనికి ఒక్కొక్కటి చొప్పున ఎడమ చిప్పలో చింతగింజలు వేయును. పని ముగిసిన కొలది గింజను కుడి చిప్పలోనికి మార్చును. రాత్రి పడుకొనునప్పుడు ఎడమ చిప్పలో మిగిలిన గింజలను చూచి వాటిని గూర్చి ప్రార్థించును. ఇది ఎవరు నేర్పిరని మేము అడుగగా ఆమె, “ఎవరు నేర్పాలండీ అయ్యగారూ, అక్షరం రాకపోతే ఏం, గింజ అబద్ధమాడదు గదా!” అనెను. ఐదారు గింజలకంటె ఎక్కువ ఆమె ఎన్నడును వేయదు. ఎందుకనగా ఎక్కువ వేసిన దినమున మిగిలినవే కనబడి దిగులు కలుగునట. చదువుకొని, చేతిలో సెల్‌ఫోను పెట్టుకొని, అందులో ఇరువది పనులు వ్రాసికొని ఒక్కటియు చేయని మన యువకులు ఆ అవ్వ యొద్దకు వెళ్లి కొంతసేపు కూర్చుండుట మంచిది.

ఈ విధముగా దినములను లెక్కపెట్టిన దైవజనుల వలననే మనకు తెలుగు బైబిలు దొరికినది. విలియం కేరీ దొర పేరు మీరు విందురు. ఆయన ఇంగ్లండులో చెప్పులు కుట్టుకొని బ్రదికినవాడు. 1793లో బంగాళమునకు వచ్చెను. 1806వ సంవత్సరము జూన్ 12వ తేదీన తాను గడపిన దినమును గూర్చి ఆయన ఒక స్నేహితునికి వ్రాసిన ఉత్తరము నిలిచియున్నది. ఆరు గంటలకు పావుగంట ముందు లేచెను. హెబ్రీ బైబిలులో ఒక అధ్యాయము చదివి ఏడు గంటలవరకు ప్రార్థనలో నుండెను. పనివారితో కూడ బంగాళీ భాషలో కుటుంబ ప్రార్థన చేసెను. తేనీరు సిద్ధమగులోపల మున్షీతో పారసీ, ఉపాహారమునకు ముందు హిందూస్తానీ చదివెను. తరువాత పండితునితో కూర్చుండి సంస్కృతమునుండి రామాయణ భాషాంతరము, పదింటికి కళాశాల, మధ్యాహ్నము ఇంటికి వచ్చి యిర్మీయా గ్రంథపు బంగాళీ అచ్చు ప్రతులను దిద్దుట, ఆ వెనుక మత్తయి సువార్తను సంస్కృతములోనికి తిప్పుట. సాయంకాలము ఆరు దాటిన తరువాత తెలుగు పండితుడొకడు వచ్చెను. ఆయన యొద్ద తెలుగు పాఠము చెప్పించుకొనెను! ఏడింటికి ప్రసంగము సిద్ధపరచుకొని, ఏడున్నరకు బోధించి, తొమ్మిది దాటిన పిమ్మట యెహెజ్కేలు గ్రంథమును బంగాళీలోనికి తిప్పుచు పదునొకండు గంటలవరకు కూర్చుండెను.

ఆ దినమున తెలుగునకు దొరికినది ఒక చిన్న భాగమే. కోరిక పెద్దది గాని గింజ ఒక్కటే. ఆ గింజలు చేరి చేరి 1814లో ఆయన తెలుగు వ్యాకరణము అచ్చుపడెను. 1818లో సేరంపూరు ముద్రాక్షరశాలనుండి తెలుగు క్రొత్త నిబంధన వెలువడెను. నడుమ 1812 మార్చి 11న ఆ ముద్రాక్షరశాలకు నిప్పంటుకొని, అనేక భాషల వ్రాతప్రతులును అచ్చు అక్షరములును కాలిపోయెను. చేసిన పని బూడిద కాగా మరల మొదటినుండి మొదలుపెట్టుటకు ఎట్టి మనస్సు కావలెను! తన జీవితచరిత్ర ఎవరైనను వ్రాసినయెడల, తాను విసువక మెల్లమెల్లగా నడచువాడనని మాత్రము వ్రాసిన చాలునని ఆయన తన తమ్ముని కుమారునితో అనెనట. గొప్ప ప్రతిభ అని గాని, గొప్ప భక్తి అని గాని ఆయన చెప్పుకొనలేదు.

అయితే ఇక్కడ మేమొక మాట దాచక చెప్పవలెను. ఆ దినములలో కేరీ దొరగారి భార్య డోరతీ మనోవ్యాధితో బాధపడుచు ఇంకను బ్రదికియుండెను, 1807లో మరణించెను. అన్ని భాషలకు చోటు దొరికిన ఆ దినములలో ఆమెకు ఎంత చోటు దొరికెనో అను తలంపు ఆ ఉత్తరము చదువువానికి కలుగక మానదు. దైవజనుని తీర్పు తీర్చుట మా పని కాదు. కాని పట్టీ చూచునప్పుడు అందులో ఏమి వ్రాయబడినదో దానితోపాటు ఎవరు వ్రాయబడలేదో కూడ చూడవలెనని తెలిసికొనుచున్నాము.

ఒంగోలు ప్రాంతములో 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి మన పెద్దలు చెప్పుకొనునదే. ఒక్క దినములో అది ఎట్లయ్యెనని ఆశ్చర్యపడుదుము. ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకొనుచు, అలసినవారు గట్టున కూర్చుండగా తక్కినవారు నీటిలో దిగిరి. ఆత్మ కార్యము చేసిన చోటనే వంతులును ఉండెను.

ఇప్పుడొక అభ్యంతరము. “రేపటిని గూర్చి చింతింపకుడని ప్రభువు సెలవిచ్చెను గదా, పట్టీలు వ్రాసికొనుట అవిశ్వాసము కాదా?” ఈ ప్రశ్న భక్తిగలవారు అడుగునది గనుక తేలికగా త్రోసివేయరాదు. ప్రభువు మత్తయి 6వ అధ్యాయములో నిషేధించినది చింతనే. చింతయనగా నేమి? చేయని పనులన్నియు ఒక్కమారుగా తలలో తిరుగుట. రాత్రి రెండు గంటలకు మేలుకొని, అప్పు, కూతురి పెండ్లి, ఎరువుల కట్టలు, పాముకాటు అన్నియు కలిపి తలంచుట. పట్టీ వ్రాయువాడు ఆ తలలోని గుంపును బయటికి తెచ్చి వరుసలో నిలుపుచున్నాడు. అందులో నాలుగింటిని “ఇవి నేటివి” అని, తక్కినవాటిని “ఇవి నేటివి కావు” అని వేరుచేసి పండుకొనుచున్నాడు. అరణ్యములో మన్నా అట్లే గదా? ఏ దినమున కావలసినది ఆ దినమున ఏరుకొనుడని దేవుడు ఆజ్ఞాపించెను. రేపటికని దాచినది పురుగుపట్టెను; కాని నేటిది ఏరుకొనక గుడారములో పండుకొన్నవాని కుండలోనికి అది తనంతట తాను వచ్చి పడలేదు. ప్రభువే లూకా 14వ అధ్యాయములో, గోపురము కట్టగోరువాడు ముందు కూర్చుండి లెక్క చూచుకొనడా అని అడిగెను.

లెక్క చూచుకొన్నవారిలో మరియొకడును గలడు. లూకా 12వ అధ్యాయములోని ధనవంతుని మనము మరువరాదు. అతని పట్టీ చక్కనిది: పాత కొట్లు విప్పవలెను, పెద్దవి కట్టవలెను, ధాన్యము సమకూర్చవలెను, పిమ్మట సుఖపడవలెను. క్రమములో ఏ లోపమును లేదు. ఆ క్రమములో దేవుడు లేడు, పొరుగువాడును లేడు, అంతయు “నా పంట, నా కొట్లు, నా ప్రాణము.” యాకోబు తన పత్రికలో, ఫలాని పట్టణమునకు పోయి ఏడాదియుండి వ్యాపారము చేసి లాభము పొందుదుమని చెప్పుకొనువారిని మందలించినది ఇందుకే. ప్రయాణము మానుమని అతడు చెప్పలేదు. ప్రభువు చిత్తమైనయెడల అని ముందు చెప్పుకొమ్మనెను. మన పట్టీకి తలకట్టుగా ఆ మాట వ్రాసికొనవచ్చును.

యెరికో త్రోవను పోయిన యాజకుని మాట చూడుడి. అతడు దుష్టుడని ప్రభువు చెప్పలేదు. మా మట్టుకు మాకు, అతని చేతిలో ఆ దినమునకు పట్టీ ఒకటి యుండెనని తోచును. వేళకు చేరవలెను, ఎవరో ఎదురుచూచుచున్నారు, ఆలస్యమగును. గాయపడినవాడు ఆ పట్టీలో లేడు. సమరయునికిని ప్రయాణమున్నది, పని యున్నది. మరునాడు అతడు వెళ్లిపోయెను గదా. అతడు ఆగి, నూనెయు ద్రాక్షారసమును పోసి, కట్టి, తన వాహనము మీద ఎక్కించి, పూటకూళ్లవానికి రెండు దేనారములిచ్చి, తిరిగి వచ్చునప్పుడు చెల్లింతునని చెప్పి, తన పనికి వెళ్లెను. పని మానలేదు, మనుష్యుని విడువలేదు. మన ప్రభువు యాయీరు ఇంటికి త్వరపడి పోవుచుండగా గుంపులో రక్తస్రావము గల స్త్రీ ముట్టెను. అక్కడ పండ్రెండేండ్ల బాలిక చావసిద్ధముగా నున్నది. అయినను ఆయన నిలిచి, ఆమె సమస్తము చెప్పువరకు వినెను, ఆ పిమ్మట యాయీరు ఇంటికిని వెళ్లెను.

ఇక మన ఎ.కొండూరు మండలపు సంగతికి వత్తుము. ఇది వ్రాయుటకే మేము కలము పట్టితిమి.

మన తండాలలోను పల్లెలలోను మూత్రపిండముల వ్యాధి ఎంతగా వ్యాపించియున్నదో మీరెరుగుదురు. పత్రికలలో మన ఊరి పేరు ఆ వ్యాధి పేరుతోనే వచ్చుచున్నది. ఈ వ్యాధి లక్షణము ఏమనగా, ఇది మొదట చెప్పదు. పాము కరచినయెడల వెంటనే తెలియును, జ్వరము వచ్చినయెడల సాయంకాలమునకు తెలియును. మూత్రపిండములు మాత్రము చాలవరకు చెడిపోవువరకు నొప్పి తెలియనీయవు. ముఖమో పాదములో ఉబ్బి, ఆకలి చచ్చి, ఆయాసము పుట్టి, అప్పుడు ఆసుపత్రికి వెళ్లువరకు చేతులు దాటిపోవుచున్నది. రక్తములో క్రియాటినిన్ పరీక్షయు, మూత్రములో ప్రొటీను పరీక్షయు చేయించుకొన్నయెడల ముందుగానే తెలిసికొనవచ్చును. రక్తపోటు, మధుమేహము గలవారు వాటిని అదుపులో ఉంచుకొని, ఒళ్లు నొప్పులకు అంగట్లో మాత్రలు కొని మ్రింగుట మానినయెడల ఉన్న బలము చాలకాలము నిలువవచ్చును. ఇది వైద్యులు చెప్పునది.

మరి మనమెందుకు వెళ్లము? “వెళ్లవలెను” అందుము. ఎప్పుడు? “పత్తి తీతలు కానీయండి.” పత్తి అయినది. “మిరపకాయ కోతలు కానీయండి.” అదియు అయినది. “మామిడి…” ఇది 140 యేండ్లు నిలిచిన గోడయే! ఆరోగ్యము చూచుకొనవలెను అనునది గోడ. మంగళవారము ఉదయము రహదారి మీదికి వచ్చి బస్సెక్కి రక్తము ఇచ్చి వచ్చుట ఒక గింజ. కూలి ఒక పూట పోవుట నిజమే. కాని రక్తశుద్ధికి వెళ్లుచున్న కుటుంబమును అడుగుడి, ఎన్ని పూటలు పోవుచున్నవో. సాధారణముగా వారమునకు రెండుమారులో మూడుమారులో, మారుకు నాలుగు గంటలు యంత్రమునకు కట్టుబడి పండుకొనవలెను. పోవు రాకల కాలము వేరు. ఆ రోజంతయు నీరసము, తోడు వచ్చినవారి కూలి కూడ పోవును. దాహమైనను కడుపార నీరు త్రాగుటకు వీలు లేదు, గ్రుక్కలు లెక్క. మనకు వారమున ఏడు దినములు. వారికి నాలుగో ఐదో.

అట్టివారికి పట్టీ మరియొక విధముగా ఉపయోగపడుచున్నది. “ఏడాదికి ఏమి చేయుదును?” అని వారిని అడుగుట క్రూరత్వము. ఒక కీర్తన పాడుట, మేకపిల్లకు ఆకు వేయుట, మనుమరాలి పలక దిద్దుట, సాయంకాలము గుమ్మము దాటి వేపచెట్టువరకు నడచుట: వీటిలో రెండు గింజలు ఎడమ చిప్పనుండి కుడి చిప్పకు పడిన దినము వారు నెమ్మదిగా నిద్రించుటను మేము చూచితిమి. సన్నని ఆరంభములను తృణీకరింపరాదని జెకర్యా 4వ అధ్యాయము బోధించుచున్నది. ఆరోగ్యవంతులమైన మనము ఆ మాటను ప్రసంగములకు వాడుకొందుము. రోగులు దానిమీద బ్రదుకుచున్నారు.

ఇందాక చెప్పిన అవ్వ చిప్పలో చింతగింజలతోపాటు ఒక మామిడిటెంక కూడ ఉండును. ఇదేమిటని అడిగితిమి. “అది నా పని కాదండీ అయ్యగారూ, ప్రక్కింటోళ్లది. ఆ పిల్ల మొగుణ్ణి రక్తం మార్పించటానికి తీసుకెళ్లిన రోజున వాళ్ల పిల్లలిద్దరికీ నేనే అన్నం పెట్టాలి. మరిచిపోతానని పెద్దది వేశాను” అనెను. వ్రాయ నేర్చిన సంఘ కమిటీ పుస్తకములలో చందాల లెక్కలు, మైకు మరమ్మతు, క్రిస్మస్ రంగుకాగితముల ఖర్చు చూచితిమి. అందులో మామిడిటెంక కానరాలేదు.

పట్టీ ముగియకమునుపే మనము ముగిసిపోయినయెడల నేమి? అది కూడ మనకు ముందు నడచినవారికి సంభవించెను. 1805లో జార్జి క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ అను మిషనరీలు విశాఖపట్టణము వచ్చి, ఆనందరాయరు అను విశ్వాసి సహాయముతో తెలుగులోనికి సువార్తలను తిప్పుటకు పూనుకొనిరి. క్రాన్ దొర 1809లో చనిపోయెను. డెస్‌గ్రాంజెస్ దొర 1810లో చనిపోయెను. అప్పటికి మత్తయి, మార్కు, లూకా మూడే ముగిసెను. యోహాను సువార్త ఎడమ చిప్పలోనే మిగిలెను. ఆ మూడింటిని సేరంపూరువారు అచ్చు వేసిరి. మిగిలినది వెనుకవచ్చినవారు ఎత్తుకొనిరి. మొత్తము క్రొత్త నిబంధన చేతపట్టుకొని చూచుట వారికి దొరకలేదు. మూడు సువార్తలు చక్కగా ముగించి దిగిపోయిరి గనుక నాలుగవది ఎక్కడ మొదలుపెట్టవలెనో వెనుకవారికి తెలిసెను. సగము సగముగా నాలుగును వదలిపెట్టిన యెడల ఏమగునో ఊహించుకొనుడి.

గోడ సగము ఎత్తు లేచినప్పుడు యూదావారు, “బరువులు మోయువారి బలము తగ్గినది, చెత్త విస్తారముగా నున్నది, మనము కట్టలేము” అను భావముతో మొరపెట్టిరి (4వ అధ్యాయము). మొదటి దినమున కాదు, సగమైనప్పుడు. మీ పట్టీలకును ఇదే సంభవించును. మొదటి వారము ఉత్సాహముగా గింజలు వేయుదురు. మూడవ వారమున చిప్ప బోర్లించబడి యుండును. అప్పుడు నెహెమ్యా కుటుంబములను వారి వారి చోట్ల నిలిపి, దేవుని జ్ఞాపకము చేసికొనుడని చెప్పెను. మీరు ఐదు గింజలను రెండు చేసికొనుడి. సన్బల్లటువంటివారు వచ్చి, ఓనో మైదానమునకు మాటలాడ రమ్మని నాలుగు మారులు పిలిచినప్పుడు, చేతిలో పని యున్నది రాలేనని అతడు నాలుగు మారులును ఒకే జవాబు చెప్పి పంపెను. మన ఓనో మైదానము ఈ దినములలో చొక్కా జేబులోనే పట్టును. నాలుగు మారులు కాదు, నలువది మారులు పిలుచును.

మా సంఘములో ఈ నెలకు చేసికొన్న ఏర్పాటు ఇది. ఇతర గ్రామముల సంఘములవారు తమకు తగినట్లు మార్చుకొనవచ్చును. రెండవ ఆదివారము ఆరాధన పిమ్మట సంఘపెద్ద ఒకరు పుస్తకముతో గుమ్మము యొద్ద కూర్చుందురు. ముప్పదియేండ్లు దాటినవారిలో రక్తపరీక్షకు వెళ్లదలచినవారు పేరును దినమును చెప్పవలెను. ఆటో గలవారు తాము ఏ ఉదయము ఖాళీగా నుందురో చెప్పవలెను. రక్తశుద్ధికి వెళ్లు కుటుంబముల పిల్లలకు ఏ పూట ఎవరు అన్నము పెట్టుదురో స్త్రీల సమాజమువారు తమలో తాము వంతులు వేసికొందురు. మతభేదము చూడక, తండాలోని ఏ ఇంటివారినైనను అందులో చేర్చవచ్చును. వ్రాయలేనివారి కొరకు ఒక చిప్పయు గింజలును బల్లమీద పెట్టబడును. “ఎప్పుడైనా వెళ్తాలెండి” అని చెప్పువారి పేరు మాత్రము పుస్తకములో వ్రాయబడదు; వారము, వేళ చెప్పినప్పుడే వ్రాయబడును.